అధిక మాసం మార్గశిరంలో ఎందుకు రాదు?

2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. పిల్లలకు సెలవులుండే రోజుల్లోనే ముహూర్తాలు లేకుండా పోయాయని మా పెద్దమ్మ బాధ. "ఆ అధిక మాసమేదో చలికాలంలో రావచ్చు కదరా!" అంది.

పాత పంచాంగాలు చూస్తే 2015లో ఆషాఢం, 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం. మార్గశిరం, పుష్యం ఎక్కడా లేవు. దీనికి కారణం భూమి నడకలో ఉంది. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కెప్లర్ రెండో నియమానికి (గ్రహం సూర్యుడికి దగ్గరైతే వేగం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది) ఇంతకంటే మంచి ఉదాహరణ నాకింకా దొరకలేదు.

భూమి తిరిగే దారి గుండ్రం కాదు, దీర్ఘవృత్తం. జనవరి మొదటివారంలో సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జూలై మొదటివారంలో 15.21 కోట్ల దూరంలో. (రోహిణి కార్తె ఎండలకు దూరంతో పని లేదు, అది భూమి అక్షం వాలు వల్ల.) సూర్యుడి వైపు వస్తున్నకొద్దీ భూమి వేగం పుంజుకుంటుంది, దూరం జరుగుతున్నకొద్దీ తగ్గుతుంది. జనవరిలో సెకనుకు 30.3 కిలోమీటర్లు, జూలైలో 29.3.

ఆ ఒక్క కిలోమీటరుకు తోడు, దగ్గర్లో ఉన్నప్పుడు తిరగాల్సిన దారి కూడా చిన్నదే. అందుకే మన కంటికి సూర్యుడు జూన్-జూలైలో మిథున రాశి దాటడానికి సుమారు 31న్నర రోజులు పడితే, డిసెంబరు-జనవరిలో ధనుస్సుకు 29న్నర కూడా పట్టదు. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29న్నర రోజులు. ఆ మధ్యలో సంక్రమణం, అంటే సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశికి మారడం, రాకపోతేనే అది అధిక మాసం. రెండు సంక్రమణాల మధ్య 31 రోజులకు పైగా ఉన్నప్పుడు ఒక చాంద్రమాసం వాటి నడుమ సులువుగా ఇమిడిపోతుంది. మార్గశిర, పుష్యాలు పడే ధనుర్మాసంలో ఆ చోటే లేదు. పైగా ఆ రోజుల చుట్టుపక్కల లెక్క తిరగబడి, ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడి క్షయ మాసం (లెక్కలోంచి ఒక నెల తగ్గిపోవడం) వచ్చే వీలుంది. 1963-64లో, 1982-83లో అలాగే వచ్చింది.

కెప్లర్ ఈ సంగతి పట్టుకున్నది అంగారకుడి దగ్గర. డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ కొలతలకూ, తన వృత్తపు లెక్కకూ 8 నిమిషాల కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) తేడా వచ్చింది. పున్నమి చంద్రుడి వెడల్పులో అది పావువంతు. టైకో కొలతల్లో అంత తప్పుండదని నమ్మి, ఏళ్ల తరబడి చేసిన లెక్కనే పక్కన పెట్టేశాడు. 1609లో దీర్ఘవృత్తాన్ని లోకానికి చెప్పాడు. ఆ నిజాయితీ అంటే నాకు ప్రాణం.

అంగారకుడి కక్ష్య మనకంటే బాగా సాగి ఉంటుంది. అక్కడ ఉత్తరార్ధగోళంలో వసంతం 194 అంగారక దినాలు, శరదృతువు 142. సూర్యుడికి బాగా దగ్గరైనప్పుడు, బాగా దూరమైనప్పటికంటే 40 శాతానికి పైగా ఎక్కువ వెలుగు పడుతుంది. పెద్ద పెద్ద దుమ్ము తుఫాన్లు ఎక్కువగా లేచేది ఆ దగ్గరి కాలంలోనే. సోలార్ పలకల మీద నడిచే రోవర్‌ను అక్కడికి పంపేవాళ్లు ముందు ఈ రుతువుల లెక్క చూసుకోవాలి.