జనమంతా 40 దగ్గరే ఎందుకున్నారు?

ఓ చిన్న ప్రాంతం జనగణన పట్టిక ముందేసుకుని కూర్చున్నా. మొత్తం జనాభా పెద్దగా ఏమీ చెప్పదు, అసలు కథంతా వయసుల దగ్గరే. 39, 41 ఏళ్లవాళ్లు కొద్దిమందే, మధ్యలో 40కి మాత్రం జనం గుట్టలా! పుట్టిన తేదీ తెలియనివాళ్లు నోటికొచ్చిన రౌండ్ ఫిగర్ చెప్పేస్తారు మరి. దీన్ని కొలవడానికి విప్పుల్ సూచీ అని ఉంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్యవాళ్లను తీసుకుంటారు. 100 వస్తే రౌండ్ ఫిగర్ల మోజు లేనట్టు, 500 వస్తే అందరి వయసూ 0తోనో 5తోనో ముగిసినట్టు. (500 ఊహించుకుంటేనే నవ్వొచ్చింది.)

ఇంకోటి. 20–24 ఏళ్ల మగవాళ్లు ఒక్కసారిగా ఎక్కువ కనిపిస్తే, ముందు అక్కడ హాస్టలో బ్యారక్సో ఉందేమో చూడండి. ఇంటికి సగటున ఎంతమందో లెక్కేసేటప్పుడూ ఆ హాస్టల్లో, బ్యారక్స్‌లో ఉండేవాళ్లను పక్కన పెట్టాల్సిందే, వాళ్లు మామూలు ఇళ్లలో ఉండరు కదా.