డిస్క్ తప్పేం లేదని తీర్పు చెప్పేశాను

ఈ ఉదయమే తేలింది, ఆఫీసులో ఇంకా ముఖం చెల్లడం లేదు. రిపోర్టులు తీసే మా సర్వీసు వారం రోజులుగా ఉండుండి అర సెకను బిగుసుకుపోతోంది. డిస్క్ పనితీరు చూపే ఐఓస్టాట్ టూల్‌లో అవెయిట్, అంటే ఒక్కో రిక్వెస్టుకు పట్టే సగటు టైము, 9 మిల్లీసెకన్లే. సగటు లెక్కను నమ్మలేక కెర్నెల్ ట్రేసింగ్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఒక్కో రిక్వెస్టునూ వెంబడించి కొలిచే పనిలోకి దిగాను. పాత స్క్రిప్టు వెతికే ఫంక్షన్ కొత్త కెర్నెల్‌లో లేక మొరాయించింది, ట్రేస్‌పాయింట్లు (ట్రేసింగ్ కోసమే కెర్నెల్‌లో పెట్టిన గుర్తులు) వాడే వెర్షన్ పెడితే నడిచింది.

ఆ స్క్రిప్టు పేరు బయోలేటెన్సీ, ఏ రిక్వెస్టుకు ఎంత టైము పట్టిందో హిస్టోగ్రామ్‌గా గీస్తుంది. అందులో చుక్కలన్నీ 4096–8191 మైక్రోసెకన్ల (4–8 మిల్లీసెకన్ల) వరుసలోనే. హార్డ్ డిస్క్‌కి అది మామూలే. అది మీటింగ్‌లో తెర మీద పెట్టి "డిస్క్ బానే ఉంది, మీ కోడ్ చూసుకోండి" అని డెవలపర్లకు కాస్త దర్పంగానే చెప్పాను. అప్పుడు చేరి మూడు నెలలైనా కాని కుర్రాడు అడిగాడు: "అన్నా, ఈ టైము ఎక్కడి నుంచి కొలుస్తోంది?"

నోట మాట రాలేదు. మామూలుగా నడిపితే ఆ టూల్ రిక్వెస్టును డిస్క్‌కి అప్పగించిన క్షణం నుంచి అది పూర్తయ్యేదాకానే లెక్కేస్తుంది, అంతకుముందు షెడ్యూలర్ (ఏ రిక్వెస్టు ముందు వెళ్లాలో తేల్చే కెర్నెల్ భాగం) క్యూలో పడిగాపులు కాసిన టైము అందులో ఉండదు. హెల్ప్‌లో ఒక్క లైనులో రాసే ఉంది, నేనే చదవలేదు. అందరి ముందే ఆ క్యూ టైమునూ కలిపే -Q ఆప్షన్ పెట్టి మళ్లీ నడిపితే కింద రెండో గుట్ట లేచింది, 262144–524287 మైక్రోసెకన్ల దగ్గర, అంటే పావు నుంచి అర సెకను. ఐఓస్టాట్ అవెయిట్‌లో క్యూ టైము కలుస్తుంది గానీ, అదే డిస్క్ మీద బ్యాకప్ చేసే వేల రీడ్‌ల మధ్య మా కొద్దిపాటి రీడ్‌లు సగటులో కొట్టుకుపోయాయి. నడుపుతున్న సర్వర్‌లో సగటు చూసి తీర్పులు చెప్పేవాళ్లని నేనే ఎన్నిసార్లు వెక్కిరించానో!

ఒక్కో రిక్వెస్టునూ ఒక్కో లైనుగా చూపే బయోస్నూప్‌ని కూడా అదే ఆప్షన్‌తో నడిపాను. మా ప్రాసెస్ లైన్లలో క్యూ కాలమ్ 300 మిల్లీసెకన్లు దాటుతోంది, పక్కన లేటెన్సీ (డిస్క్ తీసుకున్న టైము) 6. షెడ్యూలర్ బీఎఫ్‌క్యూ, అది ఐఓ ప్రయారిటీని పట్టించుకుంటుంది. మా సర్వీసుకేమో ఐడిల్ క్లాసు, అంటే మిగతావాళ్ల పని లేనప్పుడే దీని వంతు! ఎవడు పెట్టాడ్రా అని స్టార్టప్ స్క్రిప్టు హిస్టరీ తీస్తే నా పేరే. అప్పట్లో అది రాత్రిపూట నడిచే జాబు, ఎవరికీ అడ్డు రాకూడదని ఆ ప్రయారిటీ మార్చే ఐఓనైస్ కమాండ్ తగిలించింది నేనే.

ఆ లైను తీసేసి రీస్టార్ట్ చేశాక రెండో గుట్ట మాయమైంది. మీరు కొలిస్తే క్యూ టైముతోనూ, అది లేకుండానూ కొలిచి పక్కపక్కన పెట్టుకోండి, ఆ తర్వాతే మీటింగ్‌కి వెళ్లండి. డెవలపర్లకి సారీ చెప్పాను. కుర్రాడికి మాత్రం ఏం చెప్పాలో తోచక, రేపటి నుంచి ట్రేసింగ్ పని నువ్వే చూడు అన్నాను.