వంటింటి సరుకులతో కలపకు నలుపు

కలపకు ఇంట్లోనే రంగు పట్టించడం గురించి ఎవరిని అడిగినా టీ, కాఫీ, పసుపు, బీట్‌రూట్, వెనిగర్ అన్నింటినీ ఒకే వరుసలో చెప్పేస్తారు గాని, వీటిలో నేను నమ్మేది ఇనుము కరిగిన వెనిగర్ ఇచ్చే నలుపునే. బీట్‌రూట్ ఎరుపు త్వరగా వెలిసిపోతుంది. పసుపులోని కుర్కుమిన్ వెలుగుకు తట్టుకోలేదు కనుక, మా నెల్లూరు జిల్లా కావలి ఎండలో వసారాలో వేసుకునే పీటకు పసుపు నీళ్లు పూయడం వృథా ప్రయాస.

వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఇనుమును కరిగించి ఐరన్ ఎసిటేట్‌గా మారుస్తుంది. ఆ నీటిని కలపకు పూసినప్పుడు, కలపలో ఉండే టానిన్, అంటే పచ్చి అరటికాయలో మన నాలుకకు వగరుగా తగిలే జాతి పదార్థం, దానితో కలిసి, గాలి సోకేకొద్దీ నీలం కలిసిన నలుపుగా మారుతుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా కాచుకున్నదీ, శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి నల్లరంగు తీసేదీ ఈ సూత్రం మీదనే. వారు గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టిన తరువాతనే కలం పడతారు. రంగు పట్టడానికి కావలసిన వగరు ముందే గుడ్డలో ఉండాలన్నది అందులోని కిటుకు. కలప విషయంలోనూ అంతే. ఇనుప నీళ్ల కంటే ముందు పట్టించే కషాయం మీదనే పని ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఇనుము ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. అంట్లు తోమే మెరుపు పీచు చాలావరకు తుప్పు పట్టని స్టీలుతో చేసినది కాబట్టి, దానిని ఎన్నాళ్లు నానబెట్టినా ఫలితం ఉండదు. జింకు పూత ఉన్న మేకులూ పనికిరావు. మామూలు ఇనుప మేకులు కావాలి, తుప్పు పట్టినవైతే మరీ మంచిది. తుమ్మలపెంట వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో వాటి కోసం వెదకవలసిన పని ఉండదు. గాజు సీసాలో గుప్పెడు మేకులు వేసి, అవి మునిగి పైన నాలుగు వేళ్ల ఎత్తు నిలిచేలా తెల్ల వెనిగర్ పోసి, వారం రోజుల పాటు పక్కన పెట్టాలి. ఇనుము కరిగేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక మూత బిగించకూడదు, సీసాను పొయ్యి దరిదాపుల్లో ఉంచకూడదు. చివరకు పలుచని గుడ్డలో వడకడితే రంగు నీళ్లు సిద్ధమవుతాయి.

ఇక కషాయం. తుమ్మ బెరడుతో తోళ్లు పదును చేసేవారంటే ఆ బెరడులో ఎంత వగరు ఉందో ఊహించవచ్చు. బెరడు దొరకనివారు నాలుగైదు చెంచాల టీ పొడిని రెండు గ్లాసుల నీళ్లలో సగం అయ్యేవరకు మరిగించుకుంటే చాలు. పచారీ కొట్లో దొరికే కరక్కాయల పెచ్చులను దంచి కాచిన నీళ్లు దీనికంటే చిక్కని నలుపునిస్తాయని నా అభిప్రాయం. మామిడి చెక్క వంటి లేత రంగు కలపలో సహజంగా వగరు తక్కువ కాబట్టి కషాయం రెండు మూడు సార్లు పట్టించాలి. అది లేకుండా నేరుగా ఇనుప నీళ్లు పూస్తే వచ్చేది తుప్పు కలిసిన బూడిద రంగే.

చిత్రిక పట్టిన చెక్కను నూట ఇరవై, ఆ తరువాత 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరబెట్టి, అప్పుడు పైకి లేచిన నూగును మళ్లీ తేలికగా రుద్ది తీసేయాలి. ఈ పని ముందు చేయకపోతే రంగు నీళ్లు పడగానే ఆ నూగు లేచి, దానిని రుద్దబోతే రంగు కూడా పోతుంది. తరువాత కషాయం పట్టించి బాగా ఆరనిచ్చి, ఇనుప నీళ్లు కుంచెతో చెక్కలోని పోగుల వెంబడి పూయాలి. నిమిషాల్లోనే రంగు మారడం మొదలవుతుంది, గంటల తరబడి ముదురుతుంది కాబట్టి మొదటి చూపుకే తొందరపడి రెండో పూత వేయకూడదు. సామిల్లులో అడిగితే అదే జాతి కలప ముక్క ఇస్తారు. ముందుగా దాని మీద వేసి చూడాలి. రంగు మరీ ముదిరితే ఇనుప నీళ్లలో మంచినీళ్లు కలిపి పలుచన చేసుకోవచ్చు. ఈ నీళ్ల చుక్కలు గచ్చు మీద పడితే మరకలు మిగులుతాయి.

రంగు పూర్తిగా ఆరిన తరువాత అవిసె నూనె పలుచగా పట్టిస్తే బూడిదలా కనిపించిన చెక్క నిగనిగలాడే నలుపుకు తిరుగుతుంది. వేరుశనగ నూనె, కొబ్బరి నూనె ఆరి గట్టిపడే రకాలు కావు. వాటితో చెక్క జిడ్డుగా మిగిలిపోతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె గాలితో కలిసేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకోగలవు. రోహిణి కార్తెలో మన జిల్లాలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ కాబట్టి, గుడ్డలను విప్పి ఆరుబయట విడివిడిగా ఆరవేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి. ఉదయగిరి చెక్క గరిటెల వంటి తిండికి తగిలే వస్తువులకు మాత్రం ఈ రంగు వేయవద్దు. వాటికి ఆ కలప సొంత రంగే అందం.