హీటింగ్ లెక్క వచ్చింది

నవంబర్ 18, మంగళవారం. స్టుట్‌గార్ట్, జర్మనీ.

పోస్టు డబ్బాలో కవరు. 2024 నెబెన్‌కోస్టెన్, అంటే హీటింగ్, నీళ్లు, మెట్లు తుడిపించడం వగైరా ఖర్చుల లెక్క. నెలనెలా కట్టిన అడ్వాన్సు పోను ఇంకా 118 యూరోలు కట్టాలి. డిసెంబర్ 31 దాటితే ఓనరు పైసా అదనంగా అడగలేడు కాబట్టి ఇవన్నీ ఏడాది చివర్లోనే ఊడిపడతాయి.

భోజనాలయ్యాక తీరిగ్గా చదివాను. బిల్డింగ్ మొత్తానికి సెల్లార్‌లో ఒకటే బాయిలర్. దాని ఖర్చులో 70 శాతం వాడకాన్ని బట్టి, 30 శాతం ఇంటి వైశాల్యాన్ని బట్టి పంచారు. 1981 నుంచి దీనికో చట్టం ఉంది, వాడకం వాటా మామూలుగా 50కీ 70కీ మధ్య ఉండాలి. రేడియేటర్లకు బిగించిన తెల్ల డబ్బాల్లో కనిపించే అంకెలే ఆ వాడకం. అవి కరెంటు మీటర్లలాంటివి కావు, మొత్తంలో ఎవరి వాటా ఎంతో తేల్చడానికే పనికొస్తాయి.

హీటర్ కట్టేసి ఇండియా వెళ్లొచ్చినా ఆ 30 శాతం తప్పదని ఇక్కడి మనవాళ్లు తిట్టుకుంటారు. నాకైతే సబబే అనిపిస్తుంది. మాది మధ్య అంతస్తు. అక్టోబర్ అంతా హీటర్ ముట్టుకోకపోయినా చలి తెలియలేదు. పైవాళ్లూ కిందివాళ్లూ డబ్బు పెట్టి కొన్న వేడే అది.

చెత్త పడేయడానికి దిగితే గ్రౌండ్ ఫ్లోర్ పెద్దావిడ అదే కాగితం పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ 340 కట్టాలట! ఇల్లు మా ఇంటంతే, ఉండేది ఒక్కరే. కింద సెల్లార్ చల్లగా ఉంటుంది, ఎంత వేడి పెట్టినా నేల లాగేస్తుంది. నీళ్ల లెక్క ఇంకా ఘోరం. ఈ పాత బిల్డింగ్‌లో చన్నీళ్లకు ఇంటింటికీ మీటర్లు లేవు, అదీ వైశాల్యం ప్రకారమే. మేం నలుగురం, ఆవిడ ఒక్కరు, బిల్లు మాత్రం ఒకటే. కూకట్‌పల్లిలో వేసవి ట్యాంకర్ల ఖర్చు ఫ్లాటుకింత అని వేసినప్పుడల్లా నాన్న అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడతారు, "మేమిద్దరమే కదయ్యా" అని. ఇక్కడ లాభపడే ఫ్లాటు మాది.

మీటర్లు పెట్టించమని ఓనరుకి ఉత్తరం రాయాలనుంది, టైప్ చేసిపెడతారా అని అడిగారావిడ. సరేనన్నాను.

"అప్పుడు మన బిల్లు పెరుగుతుంది కదండీ" అంది మా ఆవిడ. పెరుగుతుంది, మా వాషింగ్ మెషీన్ ఆగే రోజే ఉండదు. అయినా శనివారం కూర్చుని రాస్తాను, మా ఇద్దరి సంతకాలూ పెడతాం. ఈలోగా ఆ 118 పంపేయాలి.