అలైన్‌మెంట్ కంటే ముందు టైరు చూడండి

బండి పక్కకి లాగుతోందనగానే చాలామంది నేరుగా అలైన్‌మెంట్‌కి (చక్రాల కోణాలు సరిచేయించడానికి) తీసుకెళ్తారు. నిజానికి అది చివర్లో చేయించాల్సిన పని.

ముందు గాలి చూడాలి. బండి కనీసం 3 గంటలు ఆగి, టైర్లు చల్లబడ్డాక కొలవండి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్క మీద అచ్చేసిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి కొట్టించకండి. ముందు టైర్లు రెండింట్లో గాలి తేడాగా ఉంటే బండి తక్కువున్న వైపుకి లాగుతుంది.

గాలి సరిచేసినా లాగుతోందా? ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ మార్చి, అదే రోడ్డు మీద మళ్లీ నడపండి. లాగుడు రెండో వైపుకి మారితే తప్పు టైరుదే. మారకపోతే అలైన్‌మెంటో, పట్టేసిన బ్రేకో. కాసేపు నడిపి ఆపి, ముట్టుకోకుండా రిమ్ముల దగ్గర చెయ్యి పెడితే బ్రేకు పట్టేసిన వైపు సెగ తెలిసిపోతుంది. పక్క మీద బాణం గుర్తున్న టైర్లని మాత్రం ఇలా మార్చకూడదు. వాన నీళ్లు పోవడానికి రోడ్డు అంచుకి వాలుగా వేస్తారు కాబట్టి, అటువైపు కాస్త జారడం లోపం కాదు.

ఇక అరుగుదల. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. ఒక్క అంచే నున్నగా అరిగితే క్యాంబర్‌ని (ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణాన్ని) అనుమానించాలి. టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా మాత్రం కంటికన్నా చేతికే బాగా తెలుస్తుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా పోనివ్వండి (తీగలు తేలిన టైరైతే వద్దు). బయటి నుంచి లోపలికి నున్నగా జారి, లోపలి నుంచి బయటికి రంపం పళ్లలా గీరుకుంటే టో ఇన్ (లోపలికి తిరగడం) ఎక్కువైనట్టు. దానికి తలకిందులైతే టో అవుట్ (బయటికి తిరగడం). టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్సార్బర్లు, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా అన్నది) చూడాలి. దానికి అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా డబ్బు దండగ. పక్కన బుడగ లేచిన టైరుకి రిపేరు లేదు, మార్చడమే.

వేగం గంటకి 80 కిలోమీటర్లు దాటాక స్టీరింగు వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్, సీటు వణికితే ఎక్కువగా వెనకవి. బ్రేకు తొక్కినప్పుడే వణుకు వస్తే డిస్కులు చూపించండి.

అలైన్‌మెంట్‌కి ముందు ఇంకొక్క పని. బండిని జాకీతో లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపండి. ఆడితే ఎక్కువగా టై రాడ్ ఎండ్ (స్టీరింగు కదలికని చక్రానికి చేర్చే కడ్డీ చివరి కీలు) పోయినట్టు. 12, 6 దగ్గర ఆడితే బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే గుండ్రటి కీలు) చక్రం బేరింగో. ఇవి మార్చకుండా చేయించిన అలైన్‌మెంట్ మొదటి గుంత దాకానే నిలుస్తుంది.

మెషీను మీద ఎక్కించాక 'ముందు, తర్వాత' కొలతల ప్రింటు అడిగి తీసుకోండి. చాలా కార్లలో ముందు చక్రాలకి టో ఒక్కటే తిప్పే వీలుంటుంది. క్యాంబర్ ఎర్రగా (అంటే హద్దు దాటినట్టు) చూపిస్తే సస్పెన్షన్‌లో వంగిన ఆర్మో, స్ట్రట్టో, చితికిన రబ్బరు బుషో వెతకాలి. బండి తిన్నగా పోతూ స్టీరింగు మాత్రం వంకరగా ఉంటే, తరచూ టై రాడ్లు రెండు పక్కలా సరిగ్గా పంచి తిప్పలేదని అర్థం. స్టీరింగు ఊడదీసి తిన్నగా బిగించేస్తామంటే ఒప్పుకోకండి, మళ్లీ టో సెట్ చేయమనండి.