ఇరవయ్యారున్నర రాస్తున్నది

మన స్కూలు బ్యాచ్ సావనీర్‌కి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు మూడోసారి ఫోన్ చేశాక ఇక తప్పదని కూర్చున్నాను. "నీ ఫొటో కింద ఎన్ని రీసెర్చ్ పేపర్లు, ఎన్ని సైటేషన్లు అని వేస్తాం, అంకెలు పంపు" అన్నాడు కమిటీలో ఉన్న మన క్లాస్‌మేట్ ట్యూబ్‌లైట్. సైటేషన్ అంటే పర్సంటేజీ లాంటిదని వాడి ఉద్దేశం. టెన్త్‌లో నా పర్సంటేజీ ఎంతో మీకందరికీ తెలుసు కాబట్టి ఆ జోలికి పోను.

స్కూలంటే నాకు గుర్తొచ్చేది ఒక్కటే, లంచ్ తర్వాత సైన్సు పీరియడ్. ఆ రోజు మాస్టారు పుస్తకం తెరవకుండా తెల్లకాగితం ముక్కలు పంచారు. ఎడమవైపు కూడిక గుర్తు, ఏడు సెంటీమీటర్ల అవతల కుడివైపు నల్లచుక్క వేసుకోమన్నారు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితం మెల్లగా దగ్గరికి తెచ్చుకుంటే ఒకచోట చుక్క మాయమవుతుంది, అక్కడ స్కేలు పెట్టి దూరం రాయాలి. కంటి వెనక పొర రెటీనా, దాన్నుంచి నరం బయటికి పోయే చోట వెలుతురుని పట్టే కణాలు ఉండవు, అదే అంధచుక్క. "పుట్టినప్పటి నుంచీ మీ కళ్లల్లోనే ఉంది, ఎప్పుడైనా తెలిసిందా?" అన్నారు.

అందరూ "పోయింది సార్, పోయింది సార్" అని ఒకటే అరుపులు, మూడో కిటికీ గ్యాంగైతే బెంచీలెక్కేశారు. నాకు మాత్రం పోలేదు. నా కన్ను చుక్క మీదికే పరిగెత్తేది, పోయిందో లేదో తెలియాలంటే అటు చూడాలి కదా మరి! టెన్షన్‌తో పక్కనమ్మాయి కాగితంలోకి తొంగిచూసి 26న్నర అని వేసేశాను. మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు, తిట్టలేదు. "దానికి పోయింది సరే, నీకు పోయిందా అమ్మా? కన్ను ఎవరిది వాళ్లదే కదా" అన్నారంతే. లాంగ్‌బెల్ అయ్యాక కూర్చోబెట్టి ఇరవై సార్లు కొలిపించారు. పదకొండోసారికి గానీ చుక్క పోలేదు. మొదటి పదింటికీ "పోలేదు" అని రాయించారు, కొట్టేస్తానంటే ఒప్పుకోలేదు. మర్నాటి నుంచి నా పేరేమైందో మీకు చెప్పాలా, ఇప్పటికీ గ్రూపులో అదే పేరు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఎలా గడిచాయంటే హాస్టళ్లు, ఎలకల రెటీనాలు, తిరిగొచ్చిన పేపర్లు. ఇప్పుడు గ్లకోమా మీద, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు మీద పనిచేస్తున్నాను.

ఇక ట్యూబ్‌లైట్ కోసం: మన పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్‌లో ప్రస్తావిస్తే ఒక సైటేషన్. కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20 అన్నట్టు. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన కనిపెట్టాడు. మన లెక్కల మాస్టారి చేతికి దొరికుంటే దీంతో కూడా ర్యాంకులు వేసేవారు. నాకు ఎక్కువ సైటేషన్లు తెచ్చిపెట్టింది మాత్రం ఇతరులు చేసిన పనంతా ఒకచోట పోగుచేసి రాసిన రివ్యూ. క్విగ్లీ, బ్రోమన్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో లెక్కలు కట్టి ప్రపంచంలో గ్లకోమా ఉన్నవాళ్లు 2010కి 6.05 కోట్లు, 2020కి 7.96 కోట్లు అవుతారని అంచనా వేశారు. గొప్ప పనే, పైగా గ్లకోమా గురించి ఎవరు ఏం రాసినా మొదటి వాక్యంలో ఎంతమందికి ఉందో చెప్పాలి కాబట్టి దానికి వేలల్లో సైటేషన్లు. కంటి లోపలికి చూసే పరికరం గురించి 1851లో రాసింది హెల్మ్‌హోల్ట్జ్, దాని వారసులతోనే రోజూ చూస్తున్నాం, ఆయన్ని ఎవరైనా ఉదహరిస్తే ఒట్టు. నా పేపర్ ఒకటుంది, దానికొచ్చిన సైటేషన్లలో సగం "ఇది తప్పు" అని చెప్పడానికే వచ్చాయి. లెక్కలో తిట్టుకీ పొగడ్తకీ తేడా లేదు, రెండూ ఒకటే.

నాకు ఇష్టమైన పేపర్‌కి 11 సైటేషన్లు, అందులో నాలుగు నేనే ఇచ్చుకున్నవి. అది ఫీల్డ్ టెస్ట్ గురించి, అంటే చూపు పక్కలకి ఎంతమేర ఉందో చూసే పరీక్ష. గ్లకోమాలో చూపు పక్కల నుంచి పోతుంటుంది, పోయిన చోటుని మెదడు పూడ్చేస్తుంటుంది కాబట్టి మనిషికి చాలాకాలం తెలియదు. అందుకని గిన్నెలాంటి యంత్రంలోకి చూడమని, వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటాం. మధ్యమధ్యలో యంత్రం కావాలనే అంధచుక్క మీద వెలుగు వేస్తుంది. అక్కడ నొక్కారంటే కన్ను కదిలినట్టు. ఏ వెలుగూ వెయ్యనప్పుడు కూడా కొందరు నొక్కుతారు. ఒక పెద్దావిడ బటన్ గబగబా నొక్కుతూ, నేను ఆపితే, "తక్కువ నొక్కితే ఫెయిలవుతానేమోనమ్మా" అంది. ఆవిడ వేళ్లు వణుకుతున్నాయి. నాకు 26న్నర గుర్తొచ్చింది. ఆవిడకి మళ్లీ నెమ్మదిగా చేయించాను, కనిపించకపోతే నొక్కొద్దు, అది కూడా జవాబే అని చెప్పి. ఆ పేపర్ అలా మొదలైంది.

ట్యూబ్‌లైటూ, అంకెలు వెయ్యొద్దు, బాగుండదు. వేసేట్టయితే మాత్రం పోయిన నెల పంపినవి వెయ్యకు, నిన్న చూస్తే ఇంకో మూడు పెరిగాయి.