ఆరు ‘లేకపోయినా’లు

ఉద్యోగం పోయిన వారంలోనే వినిపించే మాట ఒకటుంది: “అన్నిటికీ స్తోత్రం చెప్పండి బ్రదర్, దేవుడు ఇంతకంటే మంచిది ఇస్తాడు.” బెంగళూరులో మారతహళ్ళిలోనో కె.ఆర్. పురంలోనో తెలుగు కూడికలకు వెళ్లేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. చెప్పేవాళ్లది ప్రేమే. కానీ వినేవాళ్లకి గొంతు అక్కడే పూడుకుపోతుంది. అద్దె, ఈఎంఐ, ఊళ్లో అమ్మానాన్నలకి ఇంకా చెప్పని సంగతి... వీటన్నిటి మీదా మూతపెట్టి చెప్పే స్తోత్రం నాలుగు రోజులు కూడా నిలవదు.

బైబిల్లో హబక్కూకు ప్రవక్త రాసిన 3:17 ఒకసారి పైకి చదవండి. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెలు, పశువులు. ఆరు నష్టాలు, ఒక్కటీ దాచలేదు. మన తెలుగు బైబిల్లో ప్రతి నష్టం చివరా ఒక ‘నను’ ఉంటుంది: పూయకుండినను, ఫలింపకపోయినను, పంటకు రాకపోయినను... అలా ఆరుసార్లు అన్నాకే “నేను యెహోవాయందు ఆనందించెదను” అన్నాడు. అంతకుముందు, మొదటి అధ్యాయంలో, “ఎన్నాళ్లు” అని దేవుణ్ణే నిలదీశాడు. ఆ నిలదీత లేకుండా మూడో అధ్యాయం లేదు.

కాబట్టి మీ ఆరూ మీరు రాసుకోండి. ఫోన్లో వద్దు, నోటుబుక్కులో. ఇరవై నిమిషాలు చాలు. అర్ధరాత్రి కాకుండా సాయంత్రం కూర్చోండి, నిద్ర లేనప్పుడు రాసేది భయమే రాయిస్తుంది. “కష్టాలు వచ్చినా” అని రాస్తే పని జరగదు, అది ఎవరి కష్టమైనా కావచ్చు. “జూన్ జీతం పడకపోయినా”, “మూడో రౌండు తర్వాత హెచ్ఆర్ ఫోన్ చేయకపోయినా”, “పాప స్కూలు ఫీజు రెండో టర్ము కట్టలేకపోయినా” అని పేరుతో, నెలతో, అంకెతో రాయండి. ఆరు రాకపోతే నాలుగైనా చాలు. వాటి కింద “నేను యెహోవాయందు ఆనందించెదను” అనే 18వ వచనం మీ చేత్తో ఎక్కించండి.

ఆ వచనం దగ్గర చెయ్యి ఆగిపోతే బలవంతం చేయకండి. 13వ కీర్తనకి వెళ్లండి. ఆరే వచనాలు: మొదటి రెండూ “ఎంతవరకు” అనే మొర, తర్వాతి రెండూ విన్నపం, చివరి రెండే నమ్మకం, పాట. ఈ రోజు నాలుగో వచనం దాకానే వెళ్లగలిగితే అక్కడే ఆపండి. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగుస్తుంది, అదీ మన బైబిల్లోనే ఉంది.

1 థెస్సలొనీకయ 5:18లో “ప్రతి విషయమునందును” అని ఉంది. ‘అందు’కీ ‘కొరకు’కీ తేడా మన భాషలో చెవికే తెలుస్తుంది. ఉద్యోగం పోయినందుకు వందనం చెప్పమని కాదు, పోయిన ఆ రోజుల్లో చెప్పమని.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, “వాళ్లకంటే మనం నయం” అనే కృతజ్ఞత. లూకా 18:11లో పరిసయ్యుడు చేసింది కృతజ్ఞతా ప్రార్థనే! ఇతరుల్లా లేనందుకు చెప్పాడు. పక్క ఫ్లాటువాళ్లకి కొత్త ఆఫర్ రాగానే అలాంటి వందనం ఆవిరైపోతుంది. రెండోది బేరం. నలభై రోజులు స్తుతిస్తే ఆఫర్ లెటర్ వస్తుందని లెక్కపెట్టుకుంటే, నలభై ఒకటో రోజున మిగిలేది దేవుడి మీద కోపమే.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు లేవీయకాండం 7:15లో ఉంది. కృతజ్ఞతార్పణ మాంసం ఆ రోజే తినేయాలి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకూడదు. ఒక్క ఇంటివాళ్లు తినేది కాదది, నలుగుర్నీ పిలవాల్సిందే. సెటిలయ్యాక సాక్ష్యం చెబుదాం అని దాచిపెట్టుకోకండి. ఈ రోజు అందిన ఒక్క మేలుని ఈ రోజే ఒకరికి ఫోన్ చేసి చెప్పండి. పీజీలో ఒంటరిగా ఉన్న కుర్రాణ్ణి భోజనానికి పిలవండి, పప్పూ గోంగూర పచ్చడీ అయినా సరే.

పరామర్శకి వెళ్లేవాళ్లకి: అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే, నోరు తెరిచాకే పాడైంది. “ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో” అనే మాట మీ నోట రాకూడదు. ఒక కీర్తన చదవండి, అరగంటలో లేవండి, బియ్యమో నూనో వంటింట్లో పెట్టి రండి.

రెండు వారాలు దాటినా నిద్రా ఆకలీ లేకపోతే, బతకాలని లేదనిపిస్తే, అది విశ్వాసం తక్కువై కాదు. బెంగళూరులోనే మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తని దేవదూత ఏమీ అడగలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి చూపించాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారీ లేపి తినమన్నాడు.